జింక వేరు, దుప్పి వేరు: పిల్లలకు ఎలా చెబుతున్నారు?

బరంపురం నుంచి రాస్తున్నాను. మొన్న ఆదివారం మా చెల్లెలి పిల్లల్ని మా గంజాం జిల్లాలోనే ఉన్న భేట్నయి తీసుకెళ్లాం. అక్కడ కృష్ణజింకలు ఊరి పొలాల్లోనే తిరుగుతాయి. అవి వస్తే వానలు పడతాయని ఊరివాళ్ల నమ్మకం. తరాలుగా వాటిమీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఐదో తరగతి చదివే పాప గట్టు మీద నిలబడి చాలాసేపు చూసింది. "పెద్దమ్మా, ఇది జింక కాదు. చుక్కలేవీ?" అంది. ఇంట్లో ఉన్న తెలుగు బొమ్మల పుస్తకంలో 'జింక' అని చుక్కల దుప్పిని వేశారు. పాపం, దానికి తెలిసిన జింక అదే.

నాకు తెలిసినంతలో మన మాటలు ఈ రెంటినీ కలిపెయ్యలేదు. దుప్పి కొమ్ములు కొమ్మల్లా చీలి, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. జింక కొమ్ములు మెలితిరిగి నిటారుగా ఉంటాయి, బతికినంతకాలం రాలవు. మగదాని వీపు నలుపు, పొట్ట తెలుపు. గోధుమరంగులో, మామూలుగా కొమ్ముల్లేకుండా ఉండే ఆడదాన్ని మా అమ్మమ్మ లేడి అనేది. కావ్యాల్లో కనిపించే 'ఇఱ్ఱి' కూడా జింకకు పాత పేరే. ఒడుగులో వటువుకు కట్టే కృష్ణాజినం ఈ జింక తోలే.

ఇప్పుడు పెద్దవాళ్లమే కలిపేస్తున్నాం. తెలంగాణ రాష్ట్ర జంతువు 'జింక' అంటారు, అది చుక్కల దుప్పి. ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. పిల్లలకు ఏం అర్థమవుతుంది? మీ వైపు ఏమంటారో చెప్పండి.

వ్యాఖ్య (సిరోంచ, గడ్చిరోలి జిల్లా):
మా అబ్బాయి మరాఠీ మీడియం అక్కా. చితళ్, సాంబర్, కాళవీట్ అని మూడూ విడివిడిగా చెబుతాడు. తెలుగులో చెప్పమంటే మూడింటికీ జింకే! నేను కూర్చోబెట్టి దుప్పి, కణుజు, కృష్ణజింక అని మూడు మాటలూ నేర్పించాను. అడవి పక్కన పెరిగేవాడికి ఇంటిభాషలో పేరు లేకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

వ్యాఖ్య (పర్లాకిమిడి):
లేడి అంటే ఆడదే అనుకోవాలా అమ్మా? 'మాయలేడి' అంటాం, మారీచుడు మగవాడు కదా.

జవాబు:
మంచి ప్రశ్న అడిగారండీ. వాడుకలో లేడి అంటే మొత్తం జాతికీ చెల్లుతుంది, నిజమే. ఆడదానికే అనడం మా ఇంటి అలవాటు కావచ్చు, ఆ మాట సరిదిద్దుకుంటున్నాను. కానీ దుప్పిని లేడి అనడం మాత్రం నేను ఒప్పుకోలేను.

సిరోంచ తమ్ముడూ, కణుజు మాట గుర్తు చేసినందుకు సంతోషం. మా పాప నిన్న ఒక బొమ్మ వేసింది. మెలికల కొమ్ములతో నల్లది ఒకటి, పక్కన కొమ్ముల్లేనిది, దాని కాళ్ల దగ్గర బుల్లిది. దానికి తెలుగు రాయడం ఇంకా రాదు. అందుకని ఒడియా అక్షరాల్లోనే కింద రాసుకుంది: జింక, లేడి, లేడికూన.