ఒకటో తరగతిలో ‘ఇంగ్లీషే మాట్లాడాలి’ అనే రూలు ఉండాలా?

మల్కాపురం_టీచరమ్మ: ఇక్కడ విశాఖ మల్కాపురంలో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతి చెబుతాను. 34 మంది. తెలుగు పిల్లలు సగానికి పైనే, మిగతావాళ్లవి ఒడియా, హిందీ, బెంగాలీ. నేవీవాళ్లు, పోర్టు పనులకు వచ్చినవాళ్లు. ఈ ఏడాది నుంచి క్లాసులో ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదన్నారు. మొన్న ఒక బాబు ‘మే ఐ గో టు టాయిలెట్’ గుర్తురాక నిక్కరు తడిపేసుకున్నాడు. ఇది సబబేనా?

స్టీల్‌సిటీ_నాన్న: అది రూలు తప్పు కాదండీ. మొదటి వారంలోనే ఆ ఒక్క ముక్కా బట్టీ పట్టించాల్సింది.

మల్కాపురం_టీచరమ్మ: పట్టించాను. ఆత్రంలో నోటికి రాలేదు.

ఉప్పుగాలి: చిటికెన వేలు చూపిస్తే సరిపోయేది కదా 😀

స్టీల్‌సిటీ_నాన్న: నవ్వులాట కాదు. నాది తెలుగు మీడియం. మొదటి ఇంటర్వ్యూలో ‘నీ గురించి చెప్పు’ అని ఇంగ్లీషులో అడిగితే చెమటలు పట్టాయి. అన్నీ తెలుసు, నోరు పెగల్లేదు. మావాడికి ఆ గతి పట్టకూడదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో 81 ఇస్తే 2020లో హైకోర్టు కొట్టేసింది. కోర్టుకెక్కినవాళ్ల పిల్లలు ఏ మీడియమో ఎవరైనా అడిగారా?

మల్కాపురం_టీచరమ్మ: అది మీడియం గొడవ. నేను ఇంగ్లీషు వద్దనలేదు, బాగా రావాలనే అంటున్నాను. మా క్లాసులో ఒక తెలుగు పాప చెల్లెల్ని చూపించి ‘ఇట్ ఈజ్ క్రయింగ్’ అంటుంది. మనకు చెల్లి ఏడ్చినా ‘అది’, ఆవు అరిచినా ‘అది’ కదా! ఒడియా పిల్లాడేమో వాళ్లమ్మను ‘హీ’ అంటాడు. వాళ్లకు ఆడామగా తేడా లేకుండా ఒకటే మాట, ‘సే’. ఎవరి తప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో వాళ్ల మాటలో ఒక్క నిమిషం చెబితే తేలిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది.

స్టీల్‌సిటీ_నాన్న: ఇంత చెప్పారు, ఆ బాబుకు ఒక్క ముక్క రాలేదు. పాయింటు అది.

కోరాపుట్_అమ్మ: టీచర్‌గారూ, ఆ విధానంలో ‘ఇంటి భాష’ పక్కనే ‘ప్రాంతీయ భాష’ అనీ ఉంది. మీకు రెండూ ఒకటే. మాకు కాదు. మా పాపకు ఇంగ్లీషు ఎంత కొత్తో తెలుగూ అంతే. వాళ్ల క్లాసులో తెలుగులో ఏదో జోకు వేస్తే అందరూ నవ్వుతారట, ఇది పక్కవాళ్ల మొహాలు చూసి నవ్వుతుందట. ఇంగ్లీషైతే అందరూ కలిసి తడబడతారు.

మల్కాపురం_టీచరమ్మ: అయితే మీరూ రూలు వైపేనా? ఒడియా నాకు రాదు, ఏం చెయ్యమంటారు?

కోరాపుట్_అమ్మ: రూలు వైపు కాదు. మీరు ‘వాళ్ల మాట’ అన్నప్పుడల్లా చివరికి అది తెలుగే అవుతోంది, అంతే.

స్టీల్‌సిటీ_నాన్న: నేను మొదట్నుంచీ చెబుతున్నదదే! అసలు టీచర్లకు ఇంగ్లీషు రాక ఈ సాకులన్నీ.

మల్కాపురం_టీచరమ్మ: అవును, ధారాళంగా రాదు. నాదీ తెలుగు మీడియమే. ఈ రూలు వచ్చాక పాఠం తప్ప పిల్లలతో ఏమీ మాట్లాడటం లేదు. ‘అన్నం తిన్నావా, మీ తమ్ముడికి జ్వరం తగ్గిందా’ అని అడగడం కూడా మానేశాను. మీరు ఇంటర్వ్యూలో ఒక్కరోజు పడ్డ బాధ నేను రోజూ పడుతున్నాను, ఆరేళ్ల పిల్లల ముందు.

ఉప్పుగాలి: ఆ బాబు మర్నాడు బడికొచ్చాడా?

మల్కాపురం_టీచరమ్మ: వచ్చాడు. ఇప్పుడు చిటికెన వేలే చూపిస్తున్నాడు. పంపించేస్తున్నాను.

స్టీల్‌సిటీ_నాన్న: అదిగో, అదే వద్దన్నది.