అప్‌డేట్: పాపతో బ్యాంష్ కార్నివాల్ చూసివచ్చాం

ప్యారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు కారులో వెళ్తూ దారిలో బెల్జియంలోని బ్యాంష్ కార్నివాల్‌కు ఆగవచ్చా, అక్కడ నారింజపండ్లు విసురుతారట, ఐదేళ్ల పాపతో ఇబ్బందేమో అని అడిగాను. ఆగాం. మీరూ తప్పకుండా ఆగండి.

కార్నివాల్‌లో ముఖ్యమైన రోజైన మంగళవారం ఉదయానికే చేరుకోమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. 'జీల్' అనే ఈ కార్నివాల్ ప్రధాన పాత్రల వేషధారులు మైనపు ముఖాలు పెట్టుకునేది ఉదయం పూటే. ఆకుపచ్చ కళ్లద్దాలు, మీసం, అందరిదీ ఒకే ముఖం! నడుముకు గంటలు, కాళ్లకు చెక్క చెప్పులు. డప్పుల దరువుకు వాళ్లు అడుగు వేస్తుంటే వీధి వీధంతా అదిరిపోయింది. పాప భయపడుతుందనుకున్నాం, తనూ అడుగు కలిపింది.

మధ్యాహ్నం తలలపై నిప్పుకోడి ఈకల ఎత్తైన టోపీలు, చేతుల్లో నారింజల బుట్టలు. దగ్గరివారికి చేతికే అందిస్తారు. దూరానికి మాత్రం గట్టిగానే విసురుతారు, కిటికీలకు జాలీలు బిగించేది అందుకే. పిల్లలతో ముందు వరుసలో నిలబడటం మేలు. అందిన పండు కానుక, తిరిగి విసిరితే వారికి అవమానం.

యునెస్కో 2003లోనే గుర్తించిన ఉత్సవమిది. అయినా ఇప్పటికీ పూర్తిగా ఆ ఊరివాళ్లదే. తండ్రీకొడుకులు ఒకే వేషంలో పక్కపక్కన నడవడం నాకు అన్నిటికంటే నచ్చింది.

కారు ఊరి బయటే ఆపి నడవండి.