లా చదవకుండా కాంప్లయన్స్‌లో పై కుర్చీ దాకా వెళ్లగలరా?

వెన్నెల_గచ్చిబౌలి:
హెచ్‌ఆర్‌లోనో ఆడిట్‌లోనో ఆరేడేళ్లు చేసిన ఆడవాళ్లు ఎథిక్స్ అండ్ కాంప్లయన్స్‌కు (కంపెనీలో చట్టం, నియమాలు పాటిస్తున్నారో లేదో చూసే విభాగం) మారాలంటే ముందు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ తప్పదని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది సరైంది? కారణాలతో చెప్పండి.

ప్లీడరు_బెజవాడ:
తప్పదనే నా మాట. విచారణ నివేదిక ఎప్పుడో ఒకప్పుడు కోర్టు మెట్లెక్కుతుంది. 2023లో ఆరేలియానో ఫెర్నాండెస్ కేసులో లైంగిక వేధింపుల ఫిర్యాదుపై కమిటీ హడావిడిగా విచారణ ముగించి, ప్రతివాదికి తన వాదన చెప్పుకునే వ్యవధి ఇవ్వలేదని సుప్రీంకోర్టు చర్యను పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. ఆరోపణ ఎంత తీవ్రమైనదైనా పద్ధతి తప్పితే అంతే. పైగా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం లిస్టెడ్ కంపెనీ కాంప్లయన్స్ ఆఫీసర్‌గా కంపెనీ సెక్రటరీ (సీఎస్) అర్హత ఉన్నవారే ఉండాలి. అనుభవం ఎంతున్నా ఆ తలుపు తెరుచుకోదు.

లెడ్జర్_లక్ష్మి:
ప్లీడరు గారూ, ఆ తలుపు ఎల్‌ఎల్‌బీతోనూ తెరుచుకోదు కదండీ, అక్కడ కావాల్సింది సీఎస్. బ్యాంకుల సంగతి చూడండి. చీఫ్ కాంప్లయన్స్ ఆఫీసర్‌కు ఆర్‌బీఐ 2020 సెప్టెంబరు సర్క్యులర్‌లో అడిగింది బ్యాంకింగ్ లేదా ఆర్థిక సేవల్లో 15 ఏళ్ల అనుభవం, అందులో కనీసం 5 ఏళ్లు ఆడిట్, ఫైనాన్స్, కాంప్లయన్స్, లీగల్, రిస్క్‌లలో. ఆ ఐదింటిలో లీగల్ ఒకటి, అంతే.

అసలు తప్పు దాక్కునేది లెక్కల్లో. సత్యం కంప్యూటర్స్‌లో రామలింగరాజు 2009 జనవరి 7 నాటి లేఖ ప్రకారం పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. కంపెనీ చేతికిచ్చిన స్టేట్‌మెంటును నమ్మకుండా బ్యాంకు నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోవాలని ఆడిట్‌లో నేర్పేది అందుకే. అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌లో మామూలు ఖర్చును ఆస్తిగా రాసుకున్న 380 కోట్ల డాలర్ల మోసాన్ని 2002లో పట్టుకున్నది సింథియా కూపర్ బృందం. ఆమె ఇంటర్నల్ ఆడిటర్.

దగ్గరి ఉదాహరణ కాగ్నిజెంట్ చెన్నై క్యాంపస్. కాంట్రాక్టరు చేత ఇప్పించిన 20 లక్షల డాలర్ల లంచం సొమ్మును అతనికి తిరిగిచ్చేందుకు చేంజ్ ఆర్డర్లను (ఒప్పందంలో లేని అదనపు పనికి ఇచ్చే ఆర్డర్లు) అడ్డం పెట్టుకున్నారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2019లో చెప్పింది. కంపెనీ సుమారు రెండున్నర కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. ఇలాంటిది పట్టాలంటే చేంజ్ ఆర్డరు తేదీ, సైటులో కొలతలు రాసిన పుస్తకం, అదనపు పని అడిగిన ఇంజినీరు మెయిలు, ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. బిల్లు ఉండి పని జరిగిన ఆనవాలు లేకపోతే అక్కడ ఆగాలి. వెండరు విషయంలో పాన్, జీఎస్టీ నమోదు తేదీ, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, డైరెక్టర్ల చిరునామా మన ఉద్యోగి ఎవరిదైనా అవుతుందా అని చూడాలి. నమోదై నెల తిరక్కుండానే ‘లైజనింగ్ చార్జీలు’ (ప్రభుత్వ ఆఫీసుల్లో పని చేయించినందుకు) అని గుండ్రటి అంకెతో బిల్లు వస్తే, ఏ ఆఫీసులో ఏ పనికి ఎవరు తిరిగారో రాతపూర్వకంగా అడగాలి.

ఐసీ_సభ్యురాలు:
పనిచోట లైంగిక వేధింపుల చట్టం (పోష్) కింది నిబంధనల్లో 7(6) చూడండి, ఫిర్యాదు విచారించే అంతర్గత కమిటీ (ఐసీ) ముందుకు ఏ పక్షమూ లాయరును తెచ్చుకోకూడదు. అంటే లాయర్ల వాదనలు లేకుండానే ఈ పని నడవాలన్నమాట. కాకపోతే గడువులు నోటికి రావాలి. ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లో ప్రతివాదికి దాని కాపీ పంపాలి. జవాబుకు 10 పనిదినాలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, కూర్చునేవాళ్లు ప్రిసైడింగ్ ఆఫీసరుతో కలిపి కనీసం ముగ్గురు. చెడేది ఎక్కడంటే, సాక్షి చెప్పింది నోట్‌బుక్‌లో గీసుకుని సంతకం తీసుకోరు. దాని మీద ప్రశ్నలు అడిగే అవకాశం ప్రతివాదికి ఇవ్వరు. ఇస్తే 90 రోజులు దాటుతాయని భయం. మొదటి వారంలోనే తేదీల పట్టిక వేసుకుంటే రెండూ కుదురుతాయి.

నన్ను బాధించేది వేరే. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన ఆడవాళ్లను చాలాచోట్ల పోష్, శిక్షణ తరగతుల దగ్గరే కట్టిపడేస్తారు. లంచాల విచారణ, థర్డ్ పార్టీ (వెండర్లు, ఏజెంట్ల) తనిఖీ, బోర్డు ఆడిట్ కమిటీకి రిపోర్టు ఇంకొకరికి వెళ్తాయి. పై కుర్చీకి దారి అటునుంచే.

ప్లీడరు_బెజవాడ:
బిల్లుల విషయంలో లక్ష్మి గారితో ఒప్పుకుంటాను. కానీ అమెరికా మాతృసంస్థ ఉన్నచోట, లాయరు ఆదేశం లేకుండా మొదలుపెట్టిన విచారణ నోట్సుకు ప్రివిలేజ్ రక్షణ (లాయరుతో జరిగిన సంప్రదింపులను ఎదుటిపక్షానికి చూపనక్కర్లేని హక్కు) దొరకడం కష్టం. ఆ నోట్సు రేపు ఎదుటివాళ్ల చేతికి చిక్కవచ్చు. లంచం వాసన తగిలిన రోజే లీగల్‌కు చెప్పి, వాళ్ల ఆదేశం మెయిల్లో తీసుకున్నాకే ఇంటర్వ్యూలు పెట్టండి.

లెడ్జర్_లక్ష్మి:
అది అక్షరాలా నిజం. కాకపోతే, ఎప్పుడు ఆగి లాయరును పిలవాలో తెలుసుకోవడానికి మూడేళ్ల కోర్సు అక్కర్లేదు. మోసాల పరిశోధకులకిచ్చే సర్టిఫికెట్ సీఎఫ్‌ఈ పరీక్షలో చట్టం కూడా ఉంటుంది. వెన్నెల గారూ, లిస్టెడ్ కంపెనీ కాంప్లయన్స్ ఆఫీసర్ పదవే మీ లక్ష్యమైతే సీఎస్‌కు కూర్చోండి. మోసాల విచారణ అయితే సీఎఫ్‌ఈ. కాంప్లయన్స్ కార్యక్రమం మొత్తం నడపాలంటే సీసీఈపీ (కాంప్లయన్స్, ఎథిక్స్ సర్టిఫికెట్).

ఐసీ_సభ్యురాలు:
ఆఫర్ మీద సంతకానికి ముందు మూడు అడగండి, వెన్నెల గారూ. ఫిర్యాదుల హాట్‌లైన్‌కు వచ్చినవి మొదట ఎవరు చూస్తారు? వెండరు చెల్లింపుల డేటా నేరుగా తెరిచే లాగిన్ నాకు ఇస్తారా? ఆడిట్ కమిటీ ముందు నా రిపోర్టు నేనే చదువుతానా? మూడింటికీ ‘తర్వాత చూద్దాం’ అంటే, అది శిక్షణ తరగతుల ఉద్యోగం అనుకోండి.