సమస్య: కంచె చేనును మేయుటే కాచుటయ్యె

నిర్వహణ: పై పాదం చివర వచ్చేలా, అందులోని పొసగని మాట పొసిగేలా పద్యం పూరించాలి. ఈసారి లోకం మనది కాదు. ఒక రాజ్యం చుట్టూ ప్రాణమున్న ముళ్ళకంచె ఉంది. అది వింటుంది, కదులుతుంది, ఆకలేస్తే అడుగుతుంది. దాన్ని తరతరాలుగా సాకే కావలివాళ్ళున్నారు. సామెతను తిరగేస్తే ఈ పాదం వచ్చింది, తెగ నచ్చేసింది. ఇక కానివ్వండి.

పాతకలం:
మాయమాంత్రికుఁ డొకరేయి మందు చల్లఁ
బైరు వెన్నులు పాములై పైకి లేచె;
ముళ్ళతీగలు వడి సాగి ముట్టి నమలె;
కంచె చేనును మేయుటే కాచుటయ్యె.

గణయతి: రెండో పాదం అదిరింది. గింజ బరువుకు వంగే వెన్ను పడగెత్తి లేవడం కళ్ళకు కట్టింది. కానీ తీగ నమలడమేమిటండీ? బంగారుతీగను చూడండి, ఆకు లేకుండానే పక్క మొక్క కాండంలోకి పీల్పువేళ్ళు దించి బతికేస్తుంది. ‘ముట్టి పీల్చె’ అంటే గణం (పాదం నడక కొలత) చెడదు, భయమూ పెరుగుతుంది.

వెన్నెలపలుకు: పాతకలం గారూ, మీ పూరణలో ప్రతిసారీ ఒక మాంత్రికుడు రావలసిందేనా? ‘ద్వారపాలుఁడె తలుపయ్యె దారి కడ్డు’ ఇచ్చినప్పుడూ శాపం పెట్టించి భటుణ్ణి కొయ్యను చేసేశారు. శాపంతో ఏ సమస్యైనా తేలిపోతుంది. పైగా ఇందులో కావలివాళ్ళే లేరు. నాది చూడండి:

నిప్పు రెక్కల పులుగులు నింగి నిండఁ
గన్నె పాడఁగఁ దీవెలు కడుపు తెఱచి
పంటనెల్లను దాఁచెను ప్రాణమట్లు;
కంచె చేనును మేయుటే కాచుటయ్యె.

పాతకలం: తలుపు సంగతి ఇక్కడెందుకు? ఆ పూరణకు ఆనాడు మీరే ‘భేష్’ అన్నారు. నా తీగకు నోరుండకూడదట, మీ తీగకు మాత్రం కడుపుండొచ్చా? అయినా ఒప్పుకుంటాను, మింగి దాచడమనే మలుపు నాకు తట్టలేదు. పాటకు కంచె లోబడటం ఇంకా బాగుంది. కావలి పిల్లకు అదొక్కటే ఆయుధం.

గణయతి: మలుపు సరే. ‘దాఁచెను ప్రాణమట్లు’ దగ్గర ద్రుతం (‘దాఁచెను’ చివరి నకారం) మీద పరుషం (‘ప’) అలాగే ఉండిపోయింది. అది సరళమై (‘బ’గా మారి) ‘బ్రాణమట్లు’ కావాలి. మొదటి పాదం నుంచి రెండోదానికి ‘నిండఁ గన్నె’ అని అంత జాగ్రత్తగా రాసినవారు మూడో పాదంలో ఎలా వదిలేశారు?

వెన్నెలపలుకు: దిద్దుతాను. యతికి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం పొత్తుకు) ఢోకా లేదు కదా, బతికాను.

మౌనరాగం:
ఆయువను చేను కావలి యప్పగించె;
దినదినమ్మును దానిని దినుచుఁ దీవె
పచ్చపచ్చగ నిలిచెను బ్రజల చుట్టు;
కంచె చేనును మేయుటే కాచుటయ్యె.

గణయతి: ‘నిలిచెను బ్రజల’. చూశారా వెన్నెలపలుకు గారూ, సరళాదేశం (ఆ ‘ప’ ‘బ’ కావడం) ఇలా రావాలి. ‘దినదిన’, ‘దినుచు’ పక్కపక్కన మోగడం కూడా బలే కుదిరింది.

పాతకలం: పద్యం గొప్పదే, నా అభ్యంతరం ఒక్కటే. చేనుని ఆయువు చేసేస్తే సమస్యలోని చిక్కు ఎక్కడుంది? మట్టీ పైరూ ఉన్న చేనుని మేపి గట్టెక్కించాలి. రూపకంతో దాటేయడం పక్కదారి.

నిర్వహణ: పక్కదారి కాదండీ. తెనాలి రామకృష్ణుడి పేరున చెప్పుకునే దోమ గొంతులో ఏనుగుల గుంపు సమస్యను గుర్తు చేసుకోండి. అక్కడ ఏనుగులు పాండవులు, దోమ విరటుడు. అంతటి వీరులు కొలువు చేయవలసి రావడమే ఆ పూరణకు ప్రాణం. పోలిక అతికితే చాలు. ఇక్కడ అతికింది. అసలు బతికున్న కంచె ఏదైనా పక్క చేను మేస్తూనే ఉంటుంది. వేళ్ళతో అంచు వరసల తేమ లాగేస్తుంది, నీడ పరిచి మొక్కను గిడసబారుస్తుంది. ఆ నష్టం ఓర్చుకున్నవాడికే కాపలా దక్కుతుంది. మౌనరాగం గారు ఆ నష్టాన్ని కావలివాడి ఒంటి మీద వేశారు. మిగతా రెండు పూరణల్లో కంచె ఉత్తపుణ్యానికి పని చేసింది.

వెన్నెలపలుకు: నా కన్నె పాట ఉత్తపుణ్యమా! పాడిన ప్రతిసారీ ఆమె గొంతు కొంత పోతుందని నా ఊహ.

నిర్వహణ: ఆ ఊహ పద్యంలో లేదు. ‘ప్రాణమట్లు’ తీసేసి అక్కడ పెట్టండి, సరళాదేశం గొడవ కూడా తీరుతుంది.

పాతకలం: సరే, మాంత్రికుడు లేకుండా, కావలివాడితో, అచ్చమైన మట్టి చేనుతో ఇంకొకటి రాస్తున్నాను. రాత్రిలోగా పెడతాను. గణయతి గారూ, ‘పీల్చె’ తీసుకున్నాను.