90 దాటితే బండి ఊగుతోంది: కోన్ సెట్టా, వెనక టైరా, సామానా?

పర్లాకిమిడి_చీరలు
అన్నలందరికీ నమస్తే. నాది 150 సీసీ బండి, 2017 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. వారం వారం బరంపురం ఎల్లి పట్టుచీరల మూటలు వెనక క్యారియర్ మీద కట్టుకుని ఇచ్ఛాపురం, పలాస మీదుగా టెక్కలి దాకా హైవే మీద వచ్చి, అక్కణ్ణించి పాతపట్నం రోడ్డెక్కి ఇంటికొస్తాను. మూటతో 90 దాటానంటే బండి మొత్తం వెనకనించి అటూ ఇటూ ఊగడం మొదలెడతాది, స్పీడు తగ్గిస్తే గానీ ఆగదు. ఖాళీగా ఉంటే అంత ఊగదు గానీ 70లో యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ లూజుగా పట్టుకున్నప్పుడు హ్యాండిల్ ఒక్కటే టకటకా కొట్టుకుంటాది. ఒక మిస్త్రి కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బాల్ బేరింగులు) అన్నాడు, ఇంకొకాయన టైర్లన్నాడు, మూడో షాపులో హ్యాండిల్ వణుకు ఆపే స్టీరింగ్ డాంపర్ వేయించెయ్ అన్నారు. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి, ముందు ఏది చేయించాలి?

గిరిసోల_మిస్త్రి
కోన్ సెట్టే బావూ, అనుమానం లేదు. డబుల్ స్టాండేసి ఇంజిన్ కింద చెక్క పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపు. చక్రం పక్కన ఫోర్కులు రెండూ కిందన పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు, టిక్కుమందంటే లూజు. తర్వాత హ్యాండిల్ని ఒక్క వేలితో ఇటునించి అటు తిప్పు. సరిగ్గా నడిమికొచ్చేసరికి గాడిలో పడ్డట్టు ఆగిందంటే బాల్స్ కప్పుల్లో గుంటలు పెట్టేశాయన్నమాట, అప్పుడు ఎంత బిగించినా దండగే, సెట్టు మార్చాల. మన గోతుల రోడ్లకి కోన్ సెట్టు ఎన్నాళ్ళుంటాదేటి.

రాయగడ_కుర్రోడు
గాలి చూసావా అన్నా ముందు? అందరూ వేలల్లోకి వెళ్ళిపోతున్నారు.

ఛత్రపురం_హైవే
మిస్త్రిగారు సగం పోస్టే చదివినట్టున్నారు. ఆయన రెండు జబ్బులు చెప్పాడు. 70లో హ్యాండిల్ ఒక్కటే సెకనుకి ఏడెనిమిది సార్లు కొట్టుకోవడం వాబుల్, అది ముందు భాగం సంగతి: కోన్ సెట్టు, ముందు టైరు అరుగుదల, చక్రం బ్యాలెన్సు, రిమ్ బెండు. 90లో మూటతో బండి మొత్తం నెమ్మదిగా, సెకనుకి రెండు మూడు సార్లు ఊగడం వీవ్. అది ఎక్కువగా వెనకనించి వస్తుంది: వెనక టైరులో గాలి తక్కువ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే చిమ్టా బుష్షులు అరిగిపోవడం, వీల్ బేరింగు ఆట, అన్నిటికంటే ముఖ్యం వెనక వేలాడుతున్న బరువు. లెక్క చూడండి. 30 కిలోల మూట వెనక ఇరుసుకి 50 సెంటీమీటర్లు వెనగ్గా ఉంది, రెండు చక్రాల మధ్య 135 సెంటీమీటర్లు అనుకుందాం. 30ని 50తో గుణించి 135తో భాగిస్తే 11. అంటే ముందు చక్రం మీద 11 కిలోలు తగ్గిపోయాయి, వెనక చక్రం మీద 41 పడ్డాయి. ముందు చక్రం తేలికైతే బండి నిలకడగా ఎలా ఉంటుంది? కోన్ సెట్టు వంద మార్చినా ఈ 11 కిలోలు తిరిగి రావు.

గిరిసోల_మిస్త్రి
30 కేజీల మూట కడితే 41 ఎలాగవుద్ది బాబూ? మిగతా 11 కేజీలు బరంపురంలో ఎవుడు కట్టాడు?

ఛత్రపురం_హైవే
కొత్తగా ఎక్కడినించీ రాలేదండి, ముందు చక్రం మీద తగ్గిన 11 వెనక్కి చేరింది, అంతే.

గిరిసోల_మిస్త్రి
కాటా మీద పెట్టి సూపించు అప్పుడు నమ్ముతాను.

జయపురం_ఘాట్
డాంపర్ వేసెయ్ అన్నా పనైపోద్ది. మా ఫ్రెండు వేయించాడు, రాయిలా ఉంది బండి.

ఛత్రపురం_హైవే
డాంపర్ హ్యాండిల్ వణుకుని అణుస్తుంది, కారణాన్ని తియ్యదు. కోన్ లూజుగా ఉన్న బండికి డాంపర్ వేస్తే లూజు అలాగే ఉంటుంది, నీకు తెలియకుండా పోతుంది. పైగా వీవ్ ఉన్న బండికి హ్యాండిల్ బిగుతు చేస్తే ఊగుడు ఇంకా పెరగొచ్చు. పాత ఇంగ్లండు బళ్ళు కొన్నింటికి హ్యాండిల్ మధ్యలో డాంపర్ బిగించుకునే నాబ్ ఉండేది, ఎంత బిగించాలో తెలిసినవాడు దాన్ని ముట్టుకునేవాడు.

రాయగడ_కుర్రోడు
ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ ఇచ్చేస్తే సర్దుకుంటాదంటారు నిజమేనా?

ఛత్రపురం_హైవే
హైవే మీద అలాంటి ప్రయోగాలొద్దు తమ్ముడూ. హ్యాండిల్ గట్టిగా బిగబట్టకు, బ్రేకు లాగకు, మోకాళ్ళతో ట్యాంకు నొక్కి పట్టుకుని ఒళ్ళు ముందుకి వంచి యాక్సిలరేటర్ మెల్లిగా వదులు.

కోన్ సెట్టు సంగతి నాకెందుకు మంటో కూడా చెప్తాను. రంభ దగ్గర ఒక రోడ్డుపక్క మిస్త్రి, పేరెందుకు, నా బండికి కోన్ లూజుందని ఉలీ సుత్తీ పెట్టి నట్టు బాదాడు. హ్యాండిల్ ఎంత బిగుసుకుపోయిందంటే పది స్పీడులో కూడా బండి తిన్నగా పోదు, అటు తిప్పితే అటే, ఇటు తిప్పితే ఇటే. చిలికా గట్టున పడ్డాను, మోచేయి విరిగింది. అప్పణ్ణించి ఏ ఊగుడికైనా కోన్ సెట్టు అనే మిస్త్రి మాట నేను వినను.

గిరిసోల_మిస్త్రి
ఎవుడో సుత్తితో బాదితే అందరం బాదేవాళ్ళమేనా? సి స్పానరు పెట్టి కొంచెం కొంచెం బిగిస్తూ, హ్యాండిల్ దాని బరువుకి అదే పక్కకి పడేలా సరిచేసే చెయ్యి ఇది. నువ్వు లెక్కలు రాస్తున్నావు, మేం గ్రీజులో బతుకుతున్నాం. నీలాంటివాళ్ళు వచ్చి ఫోన్లో వీడియో సూపించి ఇది కాదు అది అంటారు, మర్నాడు పడిపోయాక మళ్ళీ మా దగ్గరికే తోసుకొస్తారు.

బరంపురం_లాయరు
ఇద్దరూ ఆగండి. నాలుగు లైన్ల హైవే మీద బైకుకి గరిష్ఠం 80, 2018లో కేంద్రం పెట్టిందే. 90లో ఊగిందని అడగడమే తప్పు ప్రశ్న.

ఛత్రపురం_హైవే
లాయరుగారూ, 80లో వెళ్తున్నవాడికి పక్కనించి కంటైనర్ లారీ దూసుకుపోతే ఆ గాలికి ఇదే ఊగుడు వస్తుంది. అసలు మాట ఒక్కటే. క్యారియర్ మీద మూట తీసెయ్యాలి. సీటు మీదకి జరపాలి, లేదా రెండు పక్కలా కిందకి బ్యాగులు వేసుకోవాలి. అది చెయ్యనంటే ఏ రిపేరూ వేస్టే.

గిరిసోల_మిస్త్రి
ఇదిగో, ఇప్పుడు బయటపడ్డావు. నీకు బండి సరదా, అతనికి కూడు. మూట తీసెయ్ అంటే యాపారం మానెయ్ అని. మోసేవాడి బండిని మోతకి తగ్గట్టు తయారు చెయ్యాలి గానీ, బండికి తగ్గట్టు మనిషిని మానుకోమంటావేటి? నేను ముప్ఫై ఏళ్ళుగా పాల క్యాన్లోళ్ళ బళ్ళే చేశాను, ఎవుడికీ క్యాన్ దింపెయ్యమని సెప్పలేదు.

ఛత్రపురం_హైవే
క్యాన్లు చక్రం పక్కన కిందకి వేలాడతాయి మిస్త్రిగారూ, ఇరుసు వెనక ఎత్తు మీద కాదు. నేను చెప్తున్నదీ అదే. వ్యాపారం మానమని ఎవరన్నారు? బండి తయారుచేసినవాడు మోత ఎంతని రాశాడో అంతకి మించి ఏ మిస్త్రీ సెట్ చెయ్యలేడు, అది మీరు కస్టమర్‌తో చెప్పరు, చెప్తే గిరాకీ పోతుందని.

గిరిసోల_మిస్త్రి
గిరాకీ పోయేది నాకు, ప్రాణం పోయేది ఆడికి. సెప్పనని నువ్వెలా అంటావు?

పర్లాకిమిడి_చీరలు
అన్నా గొడవ పడకండి. పొద్దున్న చూశాను. ముందు చక్రం లేపితే హ్యాండిల్ నడిమికొచ్చి ఆగుతోంది, మిస్త్రి మావ చెప్పినట్టే. వెనక టైరు గోడ మీద ఆఖరి నాలుగంకెలు 4916 ఉన్నాయి, మధ్యలో బల్లపరుపుగా అరిగిపోయింది. గాలి కొలిస్తే చైన్ కవరు మీద ఇద్దరికని రాసినదానికంటే 9 పాయింట్లు తక్కువ. చిమ్టా పట్టుకుని పక్కకి లాగితే ఏమీ కదల్లేదు. సీటు మీదకి మూట జరపమన్నారు, అక్కడ మా మేనల్లుడు కూర్చుంటాడు, తిరిగొచ్చేటప్పుడు మూట పట్టుకోడానికి వాడే ఉండాలి.

రాయగడ_కుర్రోడు
4916 అంటే 2016లో 49వ వారం టైరు. బండితో వచ్చిందే ఇంకా నడుపుతున్నావా స్వామీ!

ఛత్రపురం_హైవే
మేనల్లుడు కూడానా! ఈ మాట మొదట్లో చెప్పలేదేంటి? ముందు వెనక టైరు మార్చు, గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరు మీదున్నంత పెట్టు, మూటని రెండు చేసి పక్కలకి దింపు. కోన్ సెట్టు తర్వాత.

గిరిసోల_మిస్త్రి
తర్వాత కాదు, కలిపి. సెట్టు ఖరీదు టైరులో సగం కూడా ఉండదు, మజూరీ నువ్వు ఇచ్చినప్పుడే ఇయ్యి. మూట, పిల్లాడు, అన్నిటితో రా, ఖాళీ బండి తెస్తే నాకేటి తెలుస్తాది. పక్కలకి బ్యాగులు కట్టే ఇనప ఫ్రేము నేను వెల్డింగ్ చేయిస్తాను. ఆ 41 కేజీల లెక్క మట్టుకు నాకింకా తేలలేదు.

ఛత్రపురం_హైవే
రెండు తూకం మిషన్లు తెచ్చి రెండు చక్రాల కిందా పెట్టండి, మూటతో ఒకసారి, మూట లేకుండా ఒకసారి. నేనూ వస్తాను.