ఫ్లుగోయ్ అనా, ఫ్లుగీలోయ్ అనా?

పెన్నేరు: నిన్నటి నుంచి ఒక పాదం బుర్రలో గిర్రున తిరుగుతోంది. ఎస్పెరాంటో భాషని తయారుచేసిన జామెన్‌హోఫ్ "లా ఎస్పేరో" (ఆశ) కవితలో మూడోది. "పేర్ ఫ్లుగోయ్ దె ఫత్సీలా వేంతో" అనా, "పేర్ ఫ్లుగీలోయ్" అనా? ఎగరడాలతోనా, రెక్కలతోనా? పుస్తకమేమో ఊళ్లో ఉండిపోయింది.

కొల్లేటి కొంగ: ఫ్లుగీలోయ్. పైకి చదువుతూ వేళ్లు మడవండి, పాదానికి పది అక్షరాలు, ఫ్లుగోయ్ అంటే తొమ్మిదే వస్తాయి. క్రియకి 'ఈల్' తగిలిస్తే ఆ పనికి పనిముట్టు. ట్రాంచి అంటే కోయడం, ట్రాంచీలో కత్తి. ఫ్లుగి ఎగరడం, ఫ్లుగీలో రెక్క.

పెన్నేరు: లెక్క కుదిరింది. కానీ రెక్క పనిముట్టు ఎలా అవుతుందండీ? కత్తిని పనయ్యాక గూట్లో పెడతాం, పిట్ట రెక్కల్ని అలా పెట్టి వెళ్లదు కదా.

అవ్యయం: పాణిని దగ్గర కూర్చున్నవాళ్లకి ఇదేం వింత కాదు. పత్ ధాతువు మీద కరణార్థంలో, అంటే పనిముట్టు అనే అర్థంలో, ష్ట్రన్ ప్రత్యయం చేరితే పత్రం, అంటే దేనితో ఎగురుతుందో అది. రెక్కకి పేర్లు చెప్పే "గరుత్పక్షచ్ఛదాః పత్రం" అమరకోశంలో అందరం వల్లె వేసిందేగా. అమరంలోనే పత్రానికి వాహనం అనే అర్థం కూడా ఉంది. ఎస్పెరాంటో వాళ్లకి ఫ్లుగీలో రెక్కకే ఖర్చయిపోయింది, విమానానికి అవియాదీలో అని వేరే మాట వాడుకుంటున్నారు.

కొల్లేటి కొంగ: పతనం కూడా ఆ పత్‌దే మాస్టారూ, మీ వాహనం నేనెక్కను. అన్నట్టు ఫ్లుగ్‌ఫోలియో అంటే ఎగిరే ఆకు, మన కరపత్రం. మనం చేతిలో పెట్టాం, వాళ్లు గాల్లోకి వదిలారు.

గోరింట: అసలు పేచీ 'ఫత్సీలా' దగ్గర ఉంటే అందరూ రెక్కలు పీకుతున్నారు. ఫత్సీలా అంటే సులువు. సులువైన గాలేంటి? బరువు లేనిదానికి 'మల్పేజా' ఉంది. ఛందస్సు కోసం అనకండి, అదీ మూడక్షరాలే, ఊనికా నడిమి అక్షరం మీదే. ఆయన చెవిలో రష్యన్ 'ల్యోహ్కీ' మోగుతూ ఉండి ఉంటుందని నా అనుమానం, సులువుకీ బరువు లేకపోవడానికీ అక్కడ అదొక్కటే మాట.

పెన్నేరు: తేలిక! తేలిక పని, తేలిక గాలి. ఇన్నేళ్లూ నాకు అడ్డు తగలనిది అందుకన్నమాట.

అవ్యయం: తర్వాతి పాదంలో "దె లోకో అల్ లోకో", లోకం నుంచి లోకానికి, అది కూడా మన చెవికి హాయిగానే ఉంటుంది.

గోరింట: హాయిగా ఉంటుంది గానీ లోకో అంటే చోటు, లాటిన్ లోకుస్. మన లోకంతో చుట్టరికం లేదు.

అవ్యయం: పోలిక చాలు నాకు. అయినా ఎగరడం కన్నా ఆయనదే ఇంకో కవిత "లా వోయో" (దారి)లో నడకే గొప్పది. చిమ్మచీకట్లో ఎక్కడో మిణుకుమనే గమ్యం వైపు 'నీ ఈరాస్', మనం వెళ్తున్నాం, అంతే. ఆ రెండక్షరాల 'ఈరి'కి రెక్కలూ లేవు, గాలీ లేదు. చినుకు పడీ పడీ నల్లరాతి కొండని తొలిచేస్తుంది చూడండి, ఆ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను.

కొల్లేటి కొంగ: మాస్టారు లా వోయో ఎక్కేశారు, ఇక దిగరు.

పెన్నేరు: ఇంతకీ ఎగరాల్సిందెవరు? నాలుగో పాదంలో 'ఫ్లుగు జి', అంటే 'అది ఎగరాలి', అందులో ఆ 'జి' (అది) మొదటి పాదంలో సేంతోనా (భావం), రెండో పాదంలో వోకోనా (పిలుపు)?

గోరింట: వోకో. దగ్గరున్నది అదే.

కొల్లేటి కొంగ: సేంతో. పిలుపు అప్పటికే 'ఈరాస్' అని ప్రపంచమంతా నడుస్తోంది, నడుస్తున్నదాన్ని పట్టుకుని ఎగరమంటాడా?

అవ్యయం: మరి ఎగరమనేది నడిచేదాన్నే కదండీ.