మిలిటరీ వేలంలో పాత చైన్ బండి కొని రొయ్యల గుంటల పనికి వాడుకోవచ్చా?

ఉలవపాడు కుర్రోడు

అన్నలకు నమస్తే. మాది ఉలవపాడు దగ్గర పల్లె. సముద్రం వైపు మాకు కొంచెం చౌడు నేల ఉంది, అక్కడ రొయ్యల గుంటలు వేద్దామని నాన్న, నేను అనుకుంటున్నాం. చిక్కంతా ఆ నేలతోనే. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, బండి ఎక్కిందంటే కింద అంతా జిగురు బురద. పోయినేడు అద్దెకు తెచ్చిన ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడింది, దాన్ని లాగడానికి తెచ్చిన రెండోది కూడా పక్కనే కూర్చుంది. చివరికి ప్రొక్లెయిన్ పిలిపించి తీయించాం, ఆ ఖర్చు గురించి నాన్న ఇప్పటికీ టెన్షన్ పడుతూనే ఉన్నాడు.

మా బాబాయేమో మిలిటరీ వాళ్లు పాత బండ్లు వేలం వేస్తుంటారు, చక్రాల బదులు ట్యాంకులా ఇనుప చైన్ల మీద నడిచే చైన్ బండి ఒకటి పాడుకుంటే ఇక బురద భయమే ఉండదు అంటున్నాడు. నెట్‌లో వెతికితే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫిరంగి పీకేసిన ట్యాంకులతో పొలాలు దున్నుతున్న ఫోటోలు కనిపించాయి. అది నిజంగా పనిచేసిందా? చేస్తే మళ్లీ ఎందుకు మానేశారు? ఇప్పుడు మనం అట్లాంటిది కొని వాడటం కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, సీరియస్‌గానే అడుగుతున్నా.

ఒంగోలు పాత పుస్తకాలు

తమ్ముడూ, ఫోటోలు నిజమే. 1945లో యుద్ధం ఆగేసరికి వేలకొద్దీ చైన్ బండ్లు పనిలేకుండా మిగిలిపోయాయి, అదే సమయంలో తిండికి కటకట, కొత్త ట్రాక్టర్లు దొరకవు, దాంతో ఎవరికి ఏది దొరికితే దాన్ని పొలంలోకి దించారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ రైతులు బ్రెన్ క్యారియర్లు కొన్నారు. అది నాలుగు టన్నుల లోపు చిన్న బండి, ఫోర్డ్ వీ8 ఇంజన్, 85 హార్స్‌పవర్. దాని స్టీరింగ్ చాలా తెలివైనది: కొంచెం తిప్పితే చైన్ మొత్తం విల్లులా వంగి బండి మెల్లగా మళ్లుతుంది, ఇంకా తిప్పితే ఒక పక్క బ్రేకు పడుతుంది. జర్మనీలో ఎన్‌ఎస్‌యూ కంపెనీ, ముందు మోటర్‌సైకిల్ చక్రం, వెనక చైన్లు ఉండే కెట్టెన్‌క్రాడ్‌ని యుద్ధం తర్వాత కూడా కొన్నేళ్లు పొలం పనికీ అడవి పనికీ తయారుచేసింది.

కానీ మన జిల్లాలవాళ్లు తెలుసుకోవాల్సిన కథ శనక్కాయలది. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెకూ కొవ్వుకూ రేషన్. తూర్పు ఆఫ్రికాలో టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) లక్షల ఎకరాల అడవి కొట్టి వేరుశనగ వేద్దామని 1946లో ఆలోచన పుట్టింది, 1947లో కోంగ్వా అనే చోట పని మొదలైంది. అంత అడవి కొట్టాలంటే వందల చైన్ ట్రాక్టర్లు కావాలి, కొత్తవి లేవు, అందుకే ఫిలిప్పీన్స్‌లోనూ ఈజిప్టులోనూ సైన్యం వదిలేసిన పాత బండ్లు కొనుక్కొచ్చారు. వాటిలో చాలా భాగం మొదటి ఏడాదిలోనే మూలనపడ్డాయి. స్పేర్లు లేవు, నేర్చుకున్న డ్రైవర్లు లేరు, అక్కడి బావోబాబ్ చెట్ల మొదళ్లు ఎంత లావుంటాయో ఫోటోలు చూస్తే నీకే తెలుస్తుంది.

అప్పుడు బ్రిటన్‌లోని వికర్స్ ఆర్మ్‌స్ట్రాంగ్స్ కంపెనీ, యుద్ధంలో వాడిన అమెరికా షెర్మన్ ట్యాంకు భాగాలతో ఒక ట్రాక్టరు కట్టింది. షెర్మన్, వికర్స్ రెండూ కలిపి షెర్విక్ అని పేరు. అదీ నిలబడలేదు. మొదటి ఏడాది లక్షన్నర ఎకరాలు అనుకుంటే దాంట్లో పదోవంతు కూడా విత్తలేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది నేల సంగతి. అక్కడి మట్టిలో బంక ఎక్కువ, వాన ఆగాక రాయిలా బిగుసుకుపోతుంది, కాయ భూమిలోనే ఉండిపోతుంది, పీకడానికి రాదు. మన తీరం ఇసుక నేలలో శనక్కాయలు పీకిన ఎవరినైనా పిలిచి ఆ మట్టి పిడికెడు చేతిలో పెట్టుంటే అక్కడే చెప్పేవాళ్లు. 1951లో మొత్తం ఎత్తేశారు, 3 కోట్ల 60 లక్షల పౌండ్లు పోయాయి.

మన దేశంలో కూడా ఇలాంటి ప్రయత్నం జరిగింది, అది మాత్రం బాగానే నడిచింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని పెట్టి, అమెరికా సైన్యం వదిలివెళ్లిన చైన్ ట్రాక్టర్లతో మధ్య భారతంలో రెల్లుగడ్డి పట్టిన భూములు దున్నించారు. రెల్లు వేరు లోతుకు పోతుంది, ఎద్దులతో పైపైన దున్నితే మళ్లీ మొలుస్తుంది, ఎండాకాలంలో అడుగు లోతున దున్ని వేర్లు ఎండకు పడేస్తేనే చస్తుంది. తర్వాత 1949లో ప్రపంచ బ్యాంకు వ్యవసాయ యంత్రాలకని కోటి డాలర్ల అప్పు ఇస్తే కొత్త ట్రాక్టర్లు తెప్పించారు. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లు వాడిన పాత బండ్లు సైన్యానివే అయినా పుట్టుకతో ట్రాక్టర్లే, ట్యాంకులు కావు. తేడా అక్కడే ఉంది.

సూళ్లూరుపేట పెద్దాయన

నేను ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను, విజయంత మీదా తర్వాత టి-72 మీదా చేతులు పెట్టినవాణ్ణి. పై తమ్ముడు చెప్పిన ఆ తేడా ఏంటో నేను చెబుతాను.

ట్యాంకుకు పరుగు కావాలి, ట్రాక్టరుకు లాగుడు కావాలి. షెర్మన్ 30 టన్నుల బండి, రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దాకా పోయేట్టు దాని గేర్లు కట్టారు. దున్నే బండి గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా బరువు లాగాలి. పరుగుకు కట్టిన బండితో ఆ పని చేయిస్తే ఇంజన్ వేడెక్కుతుంది, క్లచ్ కాలుతుంది. తాగుడు సంగతి సరేసరి, పెట్రోల్ ఇంజన్ షెర్మన్ 660 లీటర్ల ట్యాంకుతో 190 కిలోమీటర్లు పోతే గొప్ప, అదీ రోడ్డు మీద.

ఇంకొకటి, ట్యాంకు చక్రాలకు స్ప్రింగులుంటాయి, గుంతల్లో ఎగిరినా లోపలి మనిషి నడుం విరగకుండా. బుల్డోజర్ చైన్ ఫ్రేము బిర్రుగా ఉంటుంది. స్ప్రింగుల బండికి ముందు బ్లేడు కడితే బండి ఊగినప్పుడల్లా బ్లేడూ ఊగుతుంది, నేల చదును ఎక్కడ వస్తుంది? అలల్లా వస్తుంది. తిరగడం కూడా చూడు. షెర్మన్ ఒక చైన్ పూర్తిగా ఆపి ఉన్నచోటే తిరగలేదు, 60 అడుగుల పైచిలుకు జాగా కావాలి. గుంట మూలలో ఏం చేస్తావు?

చైన్ ఉంటే దిగబడదనే మాట మాత్రం మీ బాబాయి మనసులోంచి తీసేయించు నాయనా. దిగబడటం దిగబడకపోవడం బరువును చైన్ వెడల్పూ పొడవూ ఎంతమేర పంచుతున్నాయనే దాన్ని బట్టి. షెర్మన్ చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో మోపుతుంది. అమెరికా వాళ్లు మంచుకోసం చేసిన వీజిల్ అని తేలిక బండి ఉంది, స్టూడిబేకర్ కంపెనీది, అది 130 గ్రాములే మోపుతుంది, అంటే నిలబడ్డ మనిషి పాదం కంటే తక్కువ. అందుకే యుద్ధం తర్వాత వీజిల్‌ను గ్రీన్‌లాండ్‌కూ అంటార్కిటికాకూ పరిశోధకులు తీసుకెళ్లారు, ఏళ్ల తరబడి వాడారు. మోసేది తక్కువ, నేల మీద మోపేది తక్కువ, పని దానికి తగ్గది. అదే ట్యాంకు మీ బురదలో పొట్ట ఆనేదాకా దిగిందనుకో, ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నీ కట్టినా రాదు.

ఉలవపాడు కుర్రోడు

పెద్దాయనా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. ఒక్క డౌట్. ట్యాంకు వద్దు, తేలికగా ఉండేది, నీళ్లలో కూడా తేలేది, మెదక్ దగ్గర తయారవుతుందంటారే, అలాంటిది దొరికితే?

సూళ్లూరుపేట పెద్దాయన

నువ్వు చెప్పేది బీఎంపీ-2, సైనికుల్ని మోసుకెళ్లే చైన్ బండి, మనవాళ్లు సారథ్ అంటారు, ఎద్దుమైలారంలో చేస్తారు. తేలిక అన్నావు గానీ 14 టన్నులు, 300 హార్స్‌పవర్. నేల మీద మోపేది షెర్మన్‌లో మూడింట రెండొంతులు. నీళ్లలో తేలడం వేరు, బురదలో బరువు లాగడం వేరు. అయినా అది నీ దాకా రాదు. వేలంలో మామూలు జనానికి దొరికేవి జీపులు, లారీల్లాంటి చక్రాల బండ్లు. ఇలాంటివి తుక్కుగా పోవాల్సిందే. పొరపాటున ఒకటి దొరికినా చైన్ లింకులు, పిన్నులు ఎక్కడ తెస్తావు? ఏ షాపులోనూ ఉండవు.

చీమకుర్తి డ్రిల్లర్

పెద్దాయనతో ఒప్పుకుంటూనే ఒక మాట కలుపుతా. ట్యాంకులు యుద్ధం తర్వాత అసలు పనికిరాలేదు అనుకోవద్దు. దున్నడానికి పనికిరాలేదు, నిజం. మోయడానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి. కెనడా పడమటి వైపు బ్రిటిష్ కొలంబియాలో షెర్మన్ టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) తీసేసి, దాని మీద బండకు తూట్లు వేసే డ్రిల్లు, కంప్రెసరు బిగించారు, కొండ దారులు వేయడానికి ఏళ్ల తరబడి వాడారు. దుంగలు లాగే కేబుల్ యంత్రాలు కూడా ఆ ఛాసిస్‌ల మీదే పెట్టారు. మేం గ్రానైట్ క్వారీలో రోజూ డ్రిల్లుతో ఉంటాం కాబట్టి అది ఎందుకు కుదిరిందో నాకు తేలిగ్గా అర్థమవుతుంది. డ్రిల్లు బండి పని పదడుగులు జరగడం, కదలకుండా నిలబడటం, తూటు వేయడం, మళ్లీ జరగడం. అక్కడ బరువు మంచిదే, డ్రిల్లు తన్నినా బండి కదలదు. రాళ్ల మీద ట్యాంకు చైన్ దిగబడేది లేదు.

1991లో కువైట్ నూనె బావులు తగలబడ్డప్పుడు హంగేరీ వాళ్లు టి-34 ట్యాంకు ఛాసిస్ మీద రెండు మిగ్-21 జెట్ ఇంజన్లు పెట్టి, ఆ గాలిలోకి నీళ్లు వదిలి మంట ఆర్పారు. అదీ అంతే, ట్యాంకు మోసుకెళ్లి నిలబడింది, అసలు పని పైనున్న యంత్రం చేసింది. ఆ వీడియోలు దొరికితే తప్పకుండా చూడండి, ఒళ్లు జలదరిస్తుంది.

ఇందుకూరుపేట గుంటలు

తమ్ముడూ, చరిత్ర అంతా బాగుంది, నీ పని సంగతి చెబుతా. అసలు చైన్ ట్రాక్టరు పుట్టిందే నీలాంటి నేల కోసం. కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర డెల్టా నేలలో చక్రాల ఆవిరి ట్రాక్టర్లు దిగబడుతుంటే బెంజమిన్ హోల్ట్ చక్రాలు తీసి చెక్క పలకల చైన్లు వేసి 1904లో నడిపి చూశాడు. ట్యాంకు ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి నీకు కావలసింది హోల్ట్ దారిలో వచ్చిన బండే. వెడల్పు పట్టాల చైన్ డోజర్లు ఉంటాయి, బురద నేలకోసమే చేసినవి. మా వైపు అద్దెకు దొరుకుతాయి, అడిగేటప్పుడు వెడల్పు పట్టాలది కావాలని గట్టిగా చెప్పు, లేకపోతే క్వారీలో తిరిగే సన్న పట్టాలది పంపిస్తారు.

దాని కంటే ముందు నేల చుట్టూ కాలవ తీయించు. ప్రొక్లెయిన్‌ను గట్టు మీదే నిలబెట్టి, గట్టు మెత్తగా ఉంటే కింద తాటి మొద్దులు పరిచి, అక్కడి నుంచే తవ్వించాలి, నేలలోకి దించొద్దు. నీరు కాలవలోకి దిగాక సంక్రాంతి దాటి ఎండ ముదిరేదాకా ఆగు. మేం అట్లాగే చేశాం, ఒక్క బండీ దిగబడలేదు.

ఇంకోటి, బండి మాట్లాడుకునే ముందు మీ నేల సముద్రం పోటు గీత (పోటు నీరు వచ్చే హద్దు) నుంచి ఎంత దూరమో కొలిపించు. 200 మీటర్ల లోపల గుంటలకు పర్మిషన్ రాదు, ఆ బయట కూడా కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందు మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లి సర్వే నంబరు చూపించి అడుగు, అది తేలాక డోజర్ అద్దె గురించి ఇక్కడే రాయి, మా వైపు ఇప్పుడు గంటకు ఎంత నడుస్తోందో కనుక్కుని చెబుతా.